మార్గరెట్టూ, మన ముత్యాలమ్మా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న మా గురువుగారికి పాదాభివందనం. ఆయన ముందు మైకు పట్టుకుని నిలబడితే, ఈ వయసులోనూ చేతులు కట్టుకోవాలనిపిస్తోంది. ఎదురుగా కూర్చున్న పాత విద్యార్థులందరికీ నమస్కారం. మీలో నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళున్నారు, నాతో పాటు ఇదే బడిలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. మొదటివాళ్ళకి ఆశీస్సులు. రెండోవాళ్ళు దయచేసి నా పాత ముద్దుపేరు ఇక్కడ ఎవరికీ చెప్పకండి.

సంఘం వారు నన్ను 'విద్యారంగంలో మార్పులు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. నాకు ముందు మాట్లాడిన ఇద్దరూ దాని గురించే చెప్పారు, నాకన్నా బాగా చెప్పారు. కాబట్టి నేను నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పుకుంటాను. ఒక్క పేరు గురించి మాట్లాడతాను. ఆ పేరు మార్గరెట్.

పాతకాలపు ఇంగ్లీషు ఆడపిల్ల పేరు. చీడికాడలో మార్గరెట్ ఎవరున్నారు మాస్టారూ, అని మీరు అడగొచ్చు. ఉన్నారు. వీధికి ఒకరు చొప్పున ఉన్నారు. కాకపోతే మన ఊళ్ళో ఆవిడని ముత్యాలమ్మ అంటారు.

మార్గరెట్ అంటే ముత్యం. అంతే. గ్రీకు భాషలో ముత్యాన్ని మార్గరిటీస్ అన్నారు. అది లాటిన్‌లో మార్గరీటా అయింది, ఫ్రెంచిలో మార్గరీట్ అయింది, ఇంగ్లీషు వాళ్ళ నోట్లో మార్గరెట్‌గా స్థిరపడింది. మన ముత్యాలమ్మలో ఏ గింజ ఉందో, వాళ్ళ మార్గరెట్‌లోనూ ఆ గింజే ఉంది.

మీకు తెలియకుండానే మీరందరూ ఒక మార్గరెట్‌కి రోజూ కృతజ్ఞులై ఉన్నారు. మన బడిలో రోజు పూర్తయ్యేది 'జనగణమన'తో కదా. ఆ పాటకీ తెలుగునేలకీ ఉన్న చుట్టరికం మదనపల్లెలో ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకి వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. అప్పుడు ఆ కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ అనే ఐర్లండు దేశస్థుడు. ఆయన భార్య పేరు మార్గరెట్. సంగీతం పట్టభద్రురాలు. ఠాగూరు ఆ పాట పాడుతుంటే విని, ఆవిడ దానికి స్వరాలు రాసిపెట్టారు. ఠాగూరు అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. 1950 జనవరి 24న అది మన జాతీయగీతమైంది. ఈ మార్గరెట్ కజిన్స్ 1878లో ఐర్లండులో పుట్టి, 1915లో మన దేశానికి వచ్చి, 1954లో ఇక్కడే కన్నుమూశారు. ఆడవాళ్ళకి ఓటు కావాలని ఐర్లండులో పోరాడి జైలుకెళ్ళిన మనిషి. ఇక్కడికొచ్చాక కూడా ఊరుకోలేదు. 1927లో అఖిల భారత మహిళా సభ మొదలవడానికి ముఖ్య కారకురాలు ఆవిడే.

ఇంకొక మార్గరెట్ కూడా ఐర్లండు నుంచే వచ్చారు. మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్. 1898లో కలకత్తా చేరారు. ఆ మార్చిలోనే వివేకానందుడు ఆవిడకి దీక్ష ఇచ్చి నివేదిత అని పేరు పెట్టారు. మన బ్యాచీల్లో ఎంతమంది నివేదితలు లేరు! వాళ్ళ పేరు వెనకాల కూడా ఒక ముత్యం దాగి ఉంది. అయితే నాకెప్పుడూ ఒక చిన్న సందేహం. ముత్యం అనే అర్థమున్న పేరుగల మనిషికి మన దేశంలో కొత్త పేరు పెట్టే అవసరం ఏముంది, ముక్త అంటే సరిపోయేది కదా అని. కాని దీక్షలో ఇచ్చే పేరు లెక్క వేరు. ఆ సంగతి గురువులకే తెలియాలి.

సరే, ఈ ముత్యం గ్రీకుల దగ్గరికి ఎలా వెళ్ళింది? అసలు కథ ఇక్కడుంది. అర్రియన్ అని క్రీస్తు శకం రెండో శతాబ్దపు గ్రీకు రచయిత. మన దేశం గురించి ఒక పుస్తకం రాశాడు. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకి వచ్చిన మెగస్తనీస్ రాసిపెట్టినవి చూసి చాలా సంగతులు అందులో చేర్చాడు. హెరాక్లీస్ అనే వాళ్ళ వీరుడు భూమీ సముద్రమూ తిరిగి, సముద్రంలో ఆడవాళ్ళు పెట్టుకోదగిన కొత్త నగ ఒకటి కనిపెట్టి, తన కూతురికి అలంకరించడానికి ఎక్కడెక్కడి ముత్యాలనీ ఇండియాకి తెప్పించాడట. ఆ కూతురి పేరు పాండయ. మన పాండ్యులు, వాళ్ళ కొర్కై రేవు, అక్కడి ముత్యాల వేట గుర్తొస్తే అది కథ మాత్రమే కాదని తెలుస్తుంది. ఆ చోట అర్రియన్ ఒక మాట అంటాడు: ఈ మార్గరిటీస్ అనేది ఇండియావాళ్ళ భాషలోని పేరు, అని.

గ్రీకువాడే చెప్పాడు, ఇది మా మాట కాదు, మీదే అని. తర్వాతి భాషాశాస్త్రవేత్తలు దీని మీద చాలా తర్జనభర్జన పడ్డారు. ఈ మాట గ్రీకులకి ఇరాను వైపు నుంచి చేరిందని ఎక్కువమంది అంటారు. పారసీకంలో ముత్యాన్ని ఇప్పటికీ మర్వారీద్ అంటారు. మార్గరిటీస్, మర్వారీద్, పక్కపక్కన పెట్టి పలికి చూడండి. కొందరు సంస్కృతంలోని మంజరితో పోలుస్తారు. మంజరి అంటే పూలగుత్తి అని మనకి తెలుసు. ముత్యం అనే అర్థం కూడా సంస్కృత నిఘంటువుల్లో ఉంది. వీటిలో ఏది తల్లి, ఏది కూతురు అన్న తగవు తీరలేదు గాని, ఇవి తూర్పు మాటలని అందరూ ఒప్పుకుంటారు. లండన్‌లో పుట్టిన పాపకి మార్గరెట్ అని పెడితే, ఆ పేరు మన సముద్రాల వైపు నుంచి ఒంటెల మీదా ఓడల మీదా నడిచి వెళ్ళిన పేరు.

హైదరాబాదులో ఉన్నవాళ్ళు ఈసారి చార్మినారు వైపు వెళ్తే, ముత్యాల దుకాణాలు చూశాక పక్కన యూనానీ మందుల దుకాణంలోకి కూడా తొంగి చూడండి. ఖమీరా మర్వారీద్ అని ఒక మందు అమ్ముతారు. గుండెకి బలమని ముత్యాల భస్మం వేసి చేసే లేహ్యం లాంటిది. అది తినమని నేను చెప్పడం లేదు. సీసా మీద పేరు చదవండి చాలు. అది మార్గరెట్ మేనత్త పేరు.

మన తెలుగు ముత్యానికీ తగవు ఉంది. సంస్కృతంలో ముక్త అంటే విడిపోయినది, చిప్పలోంచి విడుదలైనది. అదే ప్రాకృతంలో ముత్త అయి, మనకి ముత్యమైందని కొందరు పండితులు. కాదు, తమిళంలోనూ మనలోనూ ఉన్న ముత్తు అనే దక్షిణాది మాటనే సంస్కృతం ముక్త అని దిద్దుకుని అర్థం చెప్పుకుందని ఇంకొందరు. ముత్యాలు దొరికేది దక్షిణ సముద్రంలో కాబట్టి నాకు రెండో మాట వైపే మొగ్గు. సరుకు దొరికిన చోటే దాని పేరూ పుడుతుంది గదా, మన బెల్లం సంగతి మనకి తెలియదా!

సరుకంటే గుర్తొచ్చింది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అభయ శాసనం అంటారు. అంతకు ముందు రాజులు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా తమదేనని లాగేసుకునేవారు. గణపతిదేవుడు, ప్రాణం కన్నా సొమ్ము ఎక్కువగా చూసుకునే వర్తకుల సొమ్ము మేము తీసుకోము, న్యాయమైన సుంకం తప్ప, అని రాతి మీద చెక్కించాడు. ఏ సరుకుకి ఎంత సుంకమో పట్టిక ఉంది. గంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, పగడం వాటి మధ్య ముత్యం కూడా ఉంది. మన తీరం మీదుగా ముత్యం ఇలా నడిచేది.

ఇక మన నాలుకల మీద ముత్యం ఎక్కడెక్కడ ఉందో చెప్పనక్కర్లేదు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం తెచ్చేవి ముత్యాల తలంబ్రాలు. మన ఎలమంచిలి దగ్గరి ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావుగారు 1910లో కొత్త ఛందస్సు ఒకటి తయారుచేసుకుని దానికి ముత్యాల సరం అని పేరు పెట్టారు. ఇదే బడిలో మా తెలుగు మాస్టారు ఎవరి చేతిరాత బాగున్నా ఒక్క మాటే అనేవారు, ముత్యాల్లాంటి అక్షరాలురా అని. పందుల ముందు ముత్యాలు వేయొద్దన్న బైబిలు మాట ఉంది. గ్రీకు మూలంలో ఆ ముత్యాలకి వాడిన మాట మన మార్గరెట్ మాటే. మనవాళ్ళు అదే సంగతిని గాడిదకేం తెలుసు గంధపు వాసన అన్నారు. పిల్లల మార్కుల జాబితా చూసినప్పుడు నేను రెండూ వాడేవాణ్ణి.

ఇప్పుడు ముత్యాలమ్మ దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి.

మన ప్రాంతంలో పేర్లు అమ్మవార్లవి. విజయనగరం పైడితల్లి పేరున పైడమ్మ, పైడిరాజు. పైడి అంటే బంగారం. అనకాపల్లి నూకాలమ్మ పేరున నూకాలు, నూకరాజు. సింహాచలం అనే పేరు మగవాడికీ చెల్లుతుంది, ఆడమనిషికీ చెల్లుతుంది. నేను హాజరుపట్టీ తీసి పిలుస్తుంటే, 'ప్రెజెంట్ సార్' అంటూ ఉత్తరాంధ్ర అమ్మవార్లందరూ వరసగా లేచి నిలబడేవారు. అలాంటి అమ్మవార్లలో ఒకరు ముత్యాలమ్మ. ముత్యాల నగలు పెట్టుకుంటుంది కాబట్టి ముత్యాలమ్మ అనుకుంటారు చాలామంది. పెద్దవాళ్ళని అడిగితే వేరే చెబుతారు.

మశూచి వస్తే మన ఊళ్ళల్లో మశూచి అనేవారు కాదు. అమ్మవారు పోసింది అనేవారు. ఒంటి మీద లేచిన వాటిని కురుపులని, పొక్కులని అనకూడదు. ముత్యాలనాలి. పిల్ల ఒళ్ళంతా అమ్మ ముత్యాలు పోసింది అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. పసుపు నీళ్ళు, చద్దన్నం, మజ్జిగ. తాలింపు వాసన రానిచ్చేవారు కాదు. ఆ ఇంటికి చుట్టాలు వచ్చేవారు కాదు, ఆ ఇంటివాళ్ళు బయటికి వెళ్ళేవారు కాదు. ముత్యాలు దిగిపోయి పిల్ల కళ్ళు తెరిస్తే, అమ్మవారు చల్లగా చూసింది అని పసుపు కుంకాలతో, చలివిడితో, పానకంతో గుడికి వెళ్ళేవారు. దిగకపోతే, అమ్మ తీసుకుపోయింది అనేవారు. అంత భయంకరమైన దాన్ని ముత్యం అని పిలవడంలో ఉన్న తెలివి చూడండి. పేరు మార్చి, శత్రువుని ఇంటి ఆడపడుచుని చేసుకున్నారు. తిడితే ఇంకా ఉరుముతుందేమోనని, నగ పేరు పెట్టి బతిమాలుకున్నారు.

ఈ సభలో 1970కి ముందు పుట్టిన వాళ్ళు మీ మీ జబ్బలు చూసుకోండి. చాలామందికి టీకా మచ్చ ఉంటుంది. ఆ మచ్చల బలంతోనే 1975 మే నెలతో మన దేశంలో మశూచి ఆఖరైంది. 1977లో దేశానికి, 1980లో ప్రపంచానికి అది పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. జబ్బు పోయింది. అమ్మవారి పండుగ మాత్రం పోలేదు. పిల్లల పేర్లలో ఆవిడ ఇంకా మిగిలింది. అంతకు ముందు పుట్టిన ముత్యాలమ్మల్లో కొందరికి ఆ పేరు వట్టి ముద్దుపేరు కాదు. బతికి బయటపడ్డందుకు పెట్టిన పేరు, లేదా అక్కో అన్నో పోయాక, దీన్నయినా ఉంచు తల్లీ అని మొక్కుకుని పెట్టిన పేరు.

ఇప్పుడు అటు చూద్దాం. యూరపులో మార్గరెట్ పేరు ఊరూరా పాకడానికి కారణం రాణులూ కారు, నగలూ కావు. ఒక అమ్మవారే. వాళ్ళ భాషలో సెయింట్ అంటారు. అంతియొకయ పట్టణపు మార్గరెట్ అని, హింసలు పడి ప్రాణం ఇచ్చిన కన్య. ఘటసర్పం లాంటిదొకటి ఆవిడని మింగితే, దాని కడుపు చీల్చుకుని చెక్కుచెదరకుండా బయటికి వచ్చిందని కథ. అందువల్ల ఆవిడ కానుపు కష్టాలు పడే ఆడవాళ్ళకి దిక్కు అయింది. కడుపులోంచి క్షేమంగా బయటికి రావడం కదా! ఆవిడ కథ రాసిన పత్రాన్ని నొప్పులు పడుతున్న మనిషి ఒంటి మీద ఉంచేవారు. మన మంత్రసాని వేపమండ పట్టుకున్నట్టే. ఫ్రాన్సు వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌కి దైవవాణి వినిపించినవాళ్ళలో ఈ మార్గరెట్ ఒకరు. 1969లో రోము చర్చి, ఈ కథకి చారిత్రక ఆధారం చాలదని ఆవిడ పండుగని తమ సాధారణ పంచాంగం నుంచి తీసేసింది. ఆవిడ పేరు మాత్రం లక్షల మంది ఆడవాళ్ళ దగ్గర ఉండిపోయింది.

రెండు ముత్యాలు. రెండూ బిడ్డని కాపాడమని మొక్కుకున్న పేర్లు. ఒకరి సంగతి ఒకరికి తెలియని ఊళ్ళల్లో, ఒకే భయంలోంచి పుట్టాయి.

వాళ్ళకీ మనకీ ఇంకొక పోలిక ముద్దుపేర్లలో ఉంది. మార్గరెట్ అని పూర్తిగా పిలవడానికి ఇంగ్లీషు అమ్మలకే ఓపిక లేదు. మ్యాగీ అన్నారు, మెగ్ అన్నారు. మెగ్‌కి జతగా పెగ్ అన్నారు, పెగ్గీ అన్నారు. మొదటి అక్షరం మార్చి పిలవడం వాళ్ళకి సరదా. విల్‌ని బిల్ చేసినట్టు, రాబ్‌ని బాబ్ చేసినట్టు. మేజీ, మార్జరీ, మార్గో, గ్రెటా, మన సినిమాల్లో వినిపించే రీటా, అన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మలే. మన ముత్యాలమ్మ ముత్యాలైంది, ముత్తెమ్మ అయింది. వెంకటలక్ష్మి ఎంకి అయింది. నండూరి సుబ్బారావుగారు ఆ ఎంకిని పట్టుకుని పాటలు కట్టకపోతే, ఎంకి అనే పేరు మోటుదని మనం ఎప్పుడో అటకెక్కించేవాళ్ళం.

డైసీ అనే పేరు కూడా మార్గరెట్ ఇంటిదే. ఇది కొంచెం చుట్టుతిరుగుడు. ఫ్రెంచివాళ్ళు మన చామంతి జాతికి చెందిన ఒక తెల్లని పువ్వుని మార్గరీట్ అంటారు, ముత్యంలా ఉంటుందని. ఆ పువ్వుని ఇంగ్లీషులో డైసీ అంటారు. అందుకని మార్గరెట్ అనే పిల్లని ఇంట్లో డైసీ అని పిలిచేవారు. డైసీ అంటే పాత ఇంగ్లీషులో పగటి కన్ను. పొద్దున్నే విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది కాబట్టి. పేరు పెట్టినవాడెవడో గాని మంచి రైతు అయి ఉంటాడు.

ఇంకో చిన్న సంగతి. 1813లో ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రల్ కొవ్వులోంచి తీసిన ఒక పదార్థం ముత్యంలా మెరుస్తోందని దానికి మార్గరిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు. 1869లో ఇంకొకాయన వెన్నకి బదులుగా చేసిన సరుకుకి ఆ మాట నుంచే మార్గరిన్ అనే పేరు వచ్చింది. బేకరీలో పనిచేసే మన పాత విద్యార్థులకి అది బాగా తెలుసు. ఇక మార్గరీటా పిజ్జా. 1889లో నేపుల్సులో ఇటలీ రాణి మార్గెరీటా పేరున దానికి ఆ పేరు పెట్టారని చెప్పుకుంటారు. అంటే మీ మనవలు విశాఖపట్నంలో కూర్చుని ఫోన్లో తెప్పించుకుంటున్నది ముత్యాలమ్మ రొట్టె.

నవ్వారు, బాగుంది. ఇప్పుడు నవ్వకుండా ఒక మాట.

ఇంగ్లండు, వేల్సులో పుట్టిన ఆడపిల్లలకి ఏ పేరు ఎక్కువగా పెట్టారో అక్కడి ప్రభుత్వం లెక్క తీసింది. 1924లో మొదటి స్థానం మార్గరెట్. 1934లో మార్గరెట్. 1944లోనూ మార్గరెట్. 1954 వచ్చేసరికి సూసన్ ముందుకొచ్చింది. తర్వాత మార్గరెట్ జారుకుంటూ పోయింది. పిల్లలకి అది నాయనమ్మ పేరైపోయింది. మార్గరెట్ థాచర్ పదకొండేళ్ళు ప్రధానిగా ఉన్నా ఆ పేరుకి పూర్వపు వైభవం తిరిగి రాలేదు. కాని ఇప్పుడు అక్కడ గాలి మారింది. నాయనమ్మల పేర్లని ముచ్చటపడి వెనక్కి తెచ్చుకుంటున్నారు. ఫ్లోరెన్స్, ఐవీ, ఎల్సీ, డైసీ మళ్ళీ ముందువరసలో ఉన్నాయి. మార్గరెట్ ఇంకా గుమ్మంలోనే ఉంది గాని, దాని కొమ్మలు మార్గో, మేజీ ఇంట్లోకి వచ్చేశాయి. వాళ్ళు వాటిని పాతవని కాదు, పాతకాలపువని ఇష్టపడుతున్నారు. పాత ఇత్తడి బిందెని చింతపండుతో తోమి హాల్లో పెట్టుకున్నట్టు.

మన హాజరుపట్టీలో జరిగింది చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తరగతికి ఇద్దరో ముగ్గురో ముత్యాలులు ఉండేవారు. ఇంటిపేరు కలిపి పిలవాల్సి వచ్చేది. పదవీ విరమణ చేసిన ఏడాది ఒక్కరూ లేరు. మధ్యలో ఏమైందో ఉపాధ్యాయులందరికీ తెలుసు. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే రోజులొస్తే స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర ఆడపిల్లలు నిలబడేవారు. మాస్టారూ, పేరు మార్చండి. ఎందుకమ్మా? కాలేజీలో నవ్వుతారండి. సర్టిఫికెట్టులో ఒకసారి ఎక్కితే తర్వాత గెజిట్ దాకా వెళ్ళాలని వాళ్ళకి తెలుసు. అందుకే ఆ తొందర. ముత్యాలు, నూకాలు, పైడమ్మ, వరహాలు అందరూ కాగితం మీద కొత్త పేరు రాసుకుని వచ్చేవారు. ఆ పేర్లన్నీ ఆ ఏటి సినిమాల్లోవే.

వాళ్ళని తప్పుపట్టను. నవ్వేవాళ్ళు నిజంగా నవ్వుతారు. పదిహేనేళ్ళ పిల్లకి ఆ నవ్వు చిన్న సంగతి కాదు. పేరు ఆమెది, మోయాల్సిందీ ఆమే. నగరంలో హాస్టల్లో మొదటి రోజు నీ పేరేంటి అని అడిగితే ఒక్క క్షణం ఆగి చెప్పాల్సి రావడం ఎలా ఉంటుందో, ఆగినవాళ్ళకే తెలుస్తుంది. అందులోనూ మగపిల్లలకి ఈ బాధ తక్కువ. ముత్యాలనాయుడు, నూకరాజు అంటే పెద్దమనిషి పేర్లలా చెల్లిపోతాయి. ముత్యాలు అంటే మాత్రం పనిమనిషి పేరంటారు. ఆ మాట పేరు గురించి కాదు, ఆ పేరు పెట్టుకున్న కులాలూ కూలీలూ ఎవరో తెలిసి అన్నమాట. ఇంగ్లండులో మార్గరెట్‌కి వయసు మీదపడిందే గాని, ఎవరూ దాన్ని తక్కువ పేరనలేదు. మన ముత్యాలుకి తగిలిన దెబ్బ వేరు.

ఒక పిల్ల సంగతి చెబుతాను, ఎవరో చెప్పను. కాగితం మీద హారిక అని రాసుకొచ్చింది. అసలు పేరు ముత్యాలు. నేను, మీ ఇంట్లో ఈ పేరు ఎవరు పెట్టారో కనుక్కుని రేపు రామ్మా, అన్నాను. మర్నాడు నాయనమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పెద్దావిడ ముఖమంతా స్ఫోటకం మచ్చలు. బల్ల ముందు కుర్చీ వేస్తే కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది. "బాబూ, మా ఇంట్లో నలుగురికి అమ్మోరు పోసింది. ముగ్గుర్ని తీసుకుపోయింది. నన్ను ఒగ్గీసింది. నాకు ఆడపిల్ల పుడితే నీ పేరే పెట్టుకుంటానని మొక్కినాను. నాకు ఇద్దరూ మగపిల్లలే. ఆళ్ళకి ఒకడికి మగపిల్లలే. ఇదొక్కతే ఆడగుంట. మార్చుకుంటే మార్చుకోమను, దాని ఇష్టం. మొక్కు తీరిందని మాత్రం ఎక్కడో ఓ కాడ రాసి ఉండాల."

ఆ పిల్ల చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, హారిక ముందు ముత్యాల అని రాసింది. ముత్యాల హారిక. అలాగే నామినల్ రోల్స్‌కి వెళ్ళింది. ఛందస్సు తెలిసిన మా తెలుగు మాస్టారు దాన్ని చూసి, దీన్ని మనమెవ్వరం దిద్దనక్కర్లేదు, అన్నారు.

సంఘం వారితో నాకొక పని ఉంది, అది చెప్పి కూర్చుంటాను. ఈ స్వర్ణోత్సవ సంచికలో బ్యాచీల వారీగా పాత విద్యార్థుల జాబితా వేస్తున్నారు. ఫోన్లో ఎవరు ఏ పేరు చెబితే ఆ పేరు రాసుకుంటున్నారని విన్నాను. ఆ పేర్లు తప్పకుండా వేయండి, ఎవరి ఇష్టం వారిది. కాని దాని పక్కన, అడ్మిషన్ రిజిస్టరులో చేరిననాడు రాసిన పేరు కూడా వేయండి. వద్దన్నవాళ్ళది వద్దు. ఆ పాత రిజిస్టర్లు నీలం సిరాతో రాసినవి. కొన్ని పుటల్లో సిరా గోధుమరంగుకి తిరిగింది, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఈ దసరా సెలవుల్లో ఇద్దరు కుర్రాళ్ళని తోడిస్తే, హెడ్మాస్టరుగారి అనుమతితో నేనే కూర్చుని చదివి రాయిస్తాను. నా కళ్ళద్దాలు ఈమధ్యే మార్పించుకున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు కాబట్టి పెద్ద కష్టం ఉండదు.